అమ్మ ముట్టని రొట్టె

మా ఊరి ప్రార్థన గుడిలో బెంచీలు ఉండేవి కావు. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు ఈతచాపల మీద కూర్చునేవాళ్లు. ఆడవాళ్లలో రెండో వరుస చివర, గోడకు ఆనుకొని ఉన్న చోటు మా అమ్మది. కడప జిల్లాలో పెన్న దగ్గరి ఊరు మాది. ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ.

రొట్టె విరిచి ఇచ్చే అధికారం పాదిరిగారికి మాత్రమే ఉండేది. ఆయన ఊళ్లన్నీ తిరిగి మా దగ్గరికి ఏడాదికి మూడు నాలుగు సార్లు వచ్చేవారు. ప్రభు భోజనం అప్పుడే. ఆయన వస్తున్నారని కబురు తెలిస్తే అమ్మ చౌడుమట్టితో చీర ఉతికి ఆరేసుకునేది. ఎవరితోనైనా మాట తేడా వచ్చి ఉంటే వాళ్ల ఇంటికి పోయి, రెండు మాటలు మాట్లాడి, మనసు తేలిక చేసుకొని వచ్చేది. ఆమె కూలికి పోయే చేలల్లో ఆసాములు ఆమె దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. గుడిలో మాత్రం ఒకే పళ్లెం అందరి చేతులూ మారుతూ వచ్చేది. పాదిరిగారు ముట్టిన రొట్టె ఆమె ముట్టేది. ఆమె పట్టుకున్న పళ్లెం పక్కనామె అందుకునేది. దీన్ని గురించి అమ్మ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. పళ్లెం తన దాకా వచ్చే ముందు రెండు చేతులూ కొంగుతో తుడుచుకునేది, అంతే.

ఆ గుడికి పెద్దగా ఉన్నాయన అమ్మకు వరసకు అన్న. నేను మామా అని పిలిచేవాణ్ణి. మా నాయన కలరాతో పోయినప్పుడు మాకు జొన్నలు కొలిచి పంపింది ఆయనే. నన్ను కడపలో మిషను బోర్డింగు బడిలో వేసిందీ ఆయనే. ఆదివారం ఆయన వాక్యం చదివితే అమ్మ వినేది. అక్షరం రాని మనిషి, విన్నది విన్నట్టు గుర్తు పెట్టుకునేది.

బోర్డింగు బడిలో సాయంత్రాలు కాలిబంతాట ఉండేది. బంతి వెంట పరుగెత్తడం నాకు చేతకాలేదు. అది చూసి మా డ్రిల్లు మాస్టారు నన్ను గోలు ముందు బ్యాకుగా నిలబెట్టారు. బంతిని చూడవద్దు, వచ్చేవాడి నడుము చూడు, కాళ్లు ఎటు ఆడినా నడుము పోయే వైపే మనిషి పోతాడు అని ఆయన నేర్పారు. నాకు ఆ చోటు నచ్చింది. లేఖనాల్లో ప్రాకారం మీద నిలబడే కావలివాడి సంగతి విన్నప్పుడల్లా అది నా గురించే అనిపించేది. గోలు వేసినవాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటారు. పడకుండా ఆపినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. అయినా నాకు బాధ ఉండేది కాదు. ఆపింది దేవునికి తెలుసు అనుకునేవాణ్ణి.

ఒకసారి రైలు ఇంజన్ల షెడ్డు వాళ్ల జట్టు మా బడితో ఆడడానికి వచ్చింది. వాళ్లు బూట్లు వేసుకొని వచ్చారు, మేము ఉత్త కాళ్లతో ఆడాము. తుమ్మముళ్లలో తిరిగి గట్టిపడిన కాళ్లు మావి. ఆట అయ్యాక షెడ్డు దొర నన్ను పిలిచి పని ఇస్తానన్నాడు. పేరుకు ఇంజన్లు తుడిచే పని. నిజానికి నన్ను పెట్టుకుంది ఆడడానికి. పొద్దున కొంతసేపు నూనె గుడ్డ పట్టుకొని, తక్కిన పొద్దంతా మైదానంలో ఉండేవాణ్ణి. ఆట ఉన్నన్నాళ్లే పని అని ఆ మొదటి రోజే చెప్పారు. ఊరికి పోయి చెబితే మామ మోకాళ్లూని నా తల మీద చేయి పెట్టి ప్రార్థించాడు. దేవుడు నీ కాళ్లు తొట్రిల్లకుండా కాపాడుగాక అన్నాడు.

అట్లా ఆడుతూ బళ్లారి, గుంతకల్లు, బెంగుళూరు చూశాను. కర్నూలు చాలాసార్లు పోయాను. అక్కడి జట్టులో సెంటర్ ఫార్వర్డుగా ఆడే సాయిబు నాకు స్నేహితుడయ్యాడు. ఆయన ఇంట్లో అద్దకం పని చేసేవాళ్లు, చేతివేళ్లకు ఎప్పుడూ నీలిరంగు అంటుకొని ఉండేది. శుక్రవారం మ్యాచి ఉంటే మసీదుకు పోయి వచ్చి, నిమ్మళంగా పంచె బిగించి దిగేవాడు. అది చూసి నాకు అసూయ పుట్టేది. మా విశ్రాంతి దినానికి అంత వీలు లేదు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి కుంకేదాకా అది దేవునిదే.

ఒక ఏడు కర్నూల్లో పెద్ద పోటీ జరిగింది. సాయిబు జట్టుతో మా ఆఖరి ఆట శనివారం. ఆ వేసవి అంతా మా సీమలో చినుకు లేదు. మా గుడిలో మామ వారం రోజులుగా వాన కోసం ప్రార్థన నడుపుతున్నాడు. ఆ శనివారం మధ్యాహ్నం మైదానం మడుగు అయ్యేటంత వాన పడింది. ఆట ఆదివారానికి మారింది. దేవుడు మా ప్రార్థన విన్నాడని నేను సంతోషించాలో, ఏం చేయాలో తెలియలేదు. పొద్దున్నే దొర దగ్గరికి పోయి, ఈ రోజు నన్ను వదిలిపెట్టమని అడిగాను. ఆయన కోప్పడలేదు. ఆడకపోతే రేపు షెడ్డుకు రానవసరం లేదని మాత్రం నెమ్మదిగా చెప్పాడు.

గోలు కర్ర పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాను. సాయిబు దూరం నుంచే చూసి, "ఏమప్పా, ఈ పొద్దు మీ దేవుని దినం గదా, కాళ్లు ఆడతాయా?" అన్నాడు. నన్ను రెచ్చగొట్టడానికే అన్నాడు, ఎప్పుడూ అట్లాగే అనేవాడు. ఆ రోజు నేను ఆడినంత బాగా జన్మలో ఎప్పుడూ ఆడలేదు. ఆయన్ను ఒక్కసారి కూడా దాటనివ్వలేదు. మేమే గెలిచాము.

ఆ తర్వాత రెండు వారాలకు పాదిరిగారు మా ఊరికి వచ్చారు. నేనూ సెలవు పెట్టి వచ్చాను. ప్రభు భోజనానికి ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూడిక జరుగుతుంది. గుడి పెద్ద ఒక్కొక్కరినీ నిలబెట్టి అడగవలసింది అడుగుతాడు. నా వంతు వచ్చింది.

"ఆ వాన పడిన మరుసటి దినం, ఆదివారం, యాడుండావు నాయనా?" అన్నాడు మామ.

కర్నూల్లో మ్యాచి ఆడానని చెప్పాను. వెనక నుంచి ఎవరో, "దేవుడే ఏడో దినం కూర్చున్నాడంట, మనోడు మాత్రం తంతానే ఉండాడు" అన్నారు. నవ్వులు లేచాయి. మామ చూపుతోనే వాళ్లను ఆపాడు.

"సరే. ఇంక ఆదివారం ఆడనని ఈడ అందరి ముందర చెప్పు. రేపు ప్రభువు బల్లకు రా."

"ఆడనంటే నాకు పని ఉండదు మామా. అమ్మ మళ్ల కూలికి పోవాల."

మామ నా వైపు చూడకుండా గుమ్మం వైపు చేయి చూపాడు. "అట్లయితే నువ్వు చెప్పే దాకా నీకు రొట్టె లేదు, బయట వరసలో కూర్చో."

ఆయన చేసింది సంఘం క్రమం ప్రకారమే. ఇంకొకరి కొడుకునైతే అట్లాగే ఆపి, నన్ను వదిలిపెట్టి ఉంటే అది పక్షపాతం అయ్యేది. ఆ రోజు నేను అంత దూరం ఆలోచించలేదు.

మరుసటి రోజు నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. పళ్లెం ఆడవాళ్ల వైపు పోయింది. అమ్మ చేతులు తుడుచుకుంది. పళ్లెం అందుకుంది. రొట్టె ముట్టకుండా పక్కనామెకు ఇచ్చింది. ద్రాక్షరసం గిన్నె వచ్చినప్పుడూ అంతే.

ఆరాధన అయ్యాక మామ ఆమె దగ్గరికి వచ్చి ఒంట్లో బాగలేదా అని అడిగాడు.

"ఒళ్లు బాగనే ఉండాదన్నా. నీ మీద మనసు బాగలేదు" అంది అమ్మ. "మనసులో అట్లాంటిది పెట్టుకొని బలిపీఠం కాడికి రావద్దని, ముందర పోయి సమాధానపడమని నువ్వే గదా చదివింది."

"నేను చేసింది తప్పంటావా?"

"తప్పనలే. నువ్వు చేసింది సరే. నా మనసే సరిగా లేదు. సరయినాక తీసుకుంటా."

ఇంటికి వచ్చాక నేను బతిమాలాను. నా మూలంగా నువ్వు మానుకుంటే ఆ భారం నా మీద పడుతుంది అన్నాను. ఆమె పొయ్యి ఊదుతూ, "నీ కోసరం కాదులే, నీ ఆట నువ్వు ఆడుకో పో" అంది. నిజంగానే అది నా కోసం చేసిన పంతం కాదు. మనసు కుదిరిందని అబద్ధం చెప్పి రొట్టె తీసుకోవడం ఆమెకు రాదు, అంతే.

అట్లా ఏండ్లు గడిచాయి. ఆ పోటీ తర్వాత, షెడ్డుకు సెలవు రోజని మ్యాచీలు ఎక్కువగా ఆదివారాలే పెట్టసాగారు. నేను ఆడుతూనే ఉన్నాను. పాదిరిగారు వచ్చినప్పుడు వీలైతే ఊరికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవాణ్ణి. ప్రతిసారీ అమ్మ చేతులు తుడుచుకొని పళ్లెం అందుకొని పక్కకు ఇచ్చేది. తక్కిన విషయాల్లో ఆమెకూ మామకూ మాటలు ఆగలేదు. పంట పండుగకు ఇద్దరూ కలిసే వంటలు చూసేవాళ్లు. ఆయనకు దగ్గు వస్తే ఆమె కషాయం కాచి పంపేది. మనసులో ముల్లు మాత్రం పోలేదు. పోవాలని ఆమె ప్రార్థన చేసుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఒకసారి మామ నన్ను రైలుకు సాగనంపుతూ, "నిన్ను నేను ఆపినా. నన్ను మీయమ్మ ఆపింది. బల్ల కాడ నిలబడితే నాకు ఆమె చేతులే కనపడతాండాయి" అన్నాడు.

ఆఖరికి ఒక మిలిటరీ జట్టుతో ఆడుతుండగా నా మోకాలు పోయింది. షెడ్డు మైదానం గరుసు నేల. బంతి కోసం జారినప్పుడు బూటు వచ్చి పడింది. మోకాలు లోపల విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ఆస్పత్రిలో బద్దలు పెట్టి కట్టు కట్టారు. కబురు తెలిసి అమ్మ వచ్చింది. జీవితంలో మొదటిసారి రైలెక్కింది నా విరిగిన కాలు కోసం. ఆస్పత్రి వసారాలో సంగటి వండి పెడుతూ, నేను లేచి కూర్చునేదాకా ఉండిపోయింది.

ఒక రోజు నా కాలు వైపు చూస్తూ, "ఆ బంతి లోపలికి పోయిందా?" అని అడిగింది. పోలేదని చెప్పాను. "సరే అయితే" అంది. నా ఆట గురించి ఆమె అడిగిన మాట అదొక్కటే.

కర్నూలు సాయిబు ఖర్జూరాలు పట్టుకొని చూడడానికి వచ్చాడు. "అమ్మా, నీ కొడుకు మనిషి గాదు, గోడ. ఎన్ని మార్లు తల కొట్టుకున్నానో" అన్నాడు. అమ్మ చాలా రోజులకు నవ్వింది. "కూలినాక వచ్చినావు, శానా మంచిది నాయనా, కూర్చో" అంది.

ఆమె అక్కడ ఉన్న ఆ రోజుల్లోనే మామ మా ఇంటికి పోయాడు. ఈ సంగతి తర్వాత పక్కింటామె చెప్పింది. కట్టె పట్టుకొని వచ్చాడట. తలుపుకు తాళం చూసి అరుగు మీద కూర్చున్నాడట. ఎప్పుడొస్తుందని అడిగి, "ఆమెకు రావడం కష్టంగా ఉండాది. నేనే సమాధానపడదామని వచ్చినా" అన్నాడట. మళ్లీ ఒకసారి వచ్చి తాళం చూసి తిరిగిపోయాడు. ఆ వారంలోనే జ్వరం తగిలింది. అమ్మ ఊరికి చేరేటప్పటికి ఆయన సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు. తలమీద మూట దించకుండానే ఆమె అటు పోయిందని, చీకటి పడేదాకా రాలేదని చెప్పారు.

నా కాలు వంకరగా అతుక్కుంది. షెడ్డులో నాకిక పని లేదన్నారు. ఊరికి వచ్చాను. తర్వాతి సారి పాదిరిగారు వచ్చినప్పుడు కట్టె ఊతంగా సంఘం ముందు నిలబడి, ఇక ఆదివారం ఆడనని మాట ఇచ్చాను. అసలు ఆడలేనివాడు ఇచ్చిన మాట అది. అయినా సంఘం నన్ను చేర్చుకుంది. స్తోత్రం చెప్పారు, కొందరు ఏడ్చారు. ఏండ్ల తర్వాత రొట్టె నోట్లో పెట్టుకున్నాను. అది మింగుతూనే ఆడవాళ్ల వైపు చూశాను. అమ్మ పళ్లెం పక్కకు ఇస్తోంది.

అమ్మ నా కోసమే ఆగి ఉంటే ఆ రోజుతో తీరిపోవలసింది. పాదిరిగారు ఆమెతో కూర్చుని మాట్లాడారు. దేవుడు క్షమించలేనిది లేదమ్మా అన్నారు.

"దేవునితో నాకు తగువు లేదయ్యా" అంది అమ్మ. "మా యన్నతోనే. ఆయప్ప నా వాకిలికి వచ్చి తిరిగిపోయినాడు. ఇప్పుడు నేను ఎవరి కాడికి పోయి సమాధానపడేది?"

ఇప్పుడు ఆ గుడిలో వాక్యం చదివేది నేనే. అమ్మ అడిగినదానికి జవాబు వెతకని రోజు లేదు. విశ్వాసం తగ్గి అడిగిన ప్రశ్న కాదది. చదివిన మాటను నమ్మినందువల్ల వచ్చిన ప్రశ్న. ప్రభువు ఆమెను ఏ తూకంతో తూచాడో నాకు తెలియదు, ఆయన న్యాయవంతుడని మాత్రం తెలుసు.

మామ పోయిన మూడు నాలుగేండ్లకు ఎండాకాలంలో అమ్మ మంచం పట్టింది. పాదిరిగారు ఇంటికే రొట్టె తెచ్చి, మంచం పక్కన మోకరించి, ఒక ముక్క విరిచి ఆమె నోటి దగ్గర పెట్టారు. ఆమె చేతులు తుడుచుకోబోయింది, కొంగు అందలేదు. తల అడ్డంగా ఊపింది.

"మా యన్న ముందర పోయినాడు గదయ్యా. ఆడ కలిసి మాట్లాడుకొని, ఇద్దరం తీసుకుంటాం."

పాదిరిగారి చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. విరిచిన దాన్ని వెనక్కు పెట్టే క్రమం లేదు. ఆయన దాన్ని నా వైపు చాపారు. అమ్మ ఎదుట కూర్చుని నేను తిన్నాను. నేను నమిలి మింగేదాకా ఆమె నా నోటివైపే చూసింది. తర్వాత కుండ వైపు చేయి చూపి, నీళ్లు తాగు నాయనా అంది.