బావగారి మెడలో దండ

రాయి మీద చెక్కిన వర్ధంతి తేదీ ఒకటి, విగ్రహానికి దండ వేసే రోజు మరొకటి, ఎందుకవ్వా అని నిన్న ఫోన్లో అడిగారు కదా. శామీర్‌పేట చౌరస్తాలో నిలబడ్డ ఆ జనరల్ మీ తాతకు స్వయానా అన్న, నాకు బావగారు. దండ వేసేది ఆయన పోయిన రోజున కాదు, వాళ్ళమ్మ, అంటే మా అత్తమ్మ పోయిన రోజున.

తొంభైల చివర్లో ఊరివాళ్ళు విగ్రహం పెడతామని ఇంటికొచ్చారు. యుద్ధంలో అంత పేరు తెచ్చుకున్న మనిషి, బతికుండగానే చూసుకోవాలని వాళ్ళ ముచ్చట. అత్తమ్మ గుండెల్లో మాత్రం రాయి పడింది. "బతికున్నోనికి బొమ్మేంది బిడ్డా? దండ గిట్ల ఏస్తరా ఏంది?" యుద్ధం జరిగినన్నాళ్ళూ ఆవిడ కొడుకు ఫోటోను గోడకు పెట్టనివ్వలేదు. గోడకెక్కితే దండ పడుతుందని బియ్యం డబ్బాలో దాచింది, మళ్ళీ తీయనే లేదు. సర్పంచు ఆవిడ చేతిలో చెయ్యేసి, "దండ ముచ్చటే లేదు పెద్దమ్మా, శాలువ కప్పుతం" అని మాటిచ్చాడు. ఆవిష్కరణ నాడు బావగారు తన బొమ్మకు తానే శాలువా కప్పి, "మీసాలు నాకన్న మంచిగున్నయమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. అత్తమ్మ బొమ్మ మెడవైపే చూస్తూ కూర్చుంది.

రెండేళ్ళకు ఆయన ఉత్తరాదిన, తానుంటున్న ఊళ్ళోనే గుండె ఆగి పోయారు. దహనం అక్కడే. చెబితే అత్తమ్మ తట్టుకోలేదన్నాడు డాక్టరు. మీ తాత అక్కడినుంచి వచ్చి, బావి దగ్గర మొహం కడుక్కుని, పెళ్ళికి పోయొచ్చానని వాళ్ళమ్మతో చెప్పారు. ఇక ఊరు ఊరంతా మా అబద్ధాన్ని మోసింది. పరామర్శకొచ్చిన వాళ్ళను నేను వాకిట్లోనే ఆపి, మజ్జిగిచ్చి పంపేదాన్ని. సర్పంచు గొంతు తగ్గించి, "వదినా, ఇప్పుడు దండ ఎయ్యాలె గద?" అన్నాడు.

"ఆమె ఉన్నన్ని రోజులు వద్దు. నీ కాళ్ళు మొక్కుత."

"గంత మాటెందుకు. ఎవడేస్తడో నేను జూస్త."

అసలు గండం కంటి ఆసుపత్రి. తరచూ మేడ్చల్ తీసుకుపోవాలి, దారి ఆ చౌరస్తా మీదుగానే. ఆటో అక్కడికి చేరుతుంటే నా అరచేతులు తడిసిపోయేవి. ఎవరో కొత్తవాళ్ళు, పాపం, గౌరవంకొద్దీ ఒక బంతిపూల దండ వేసి ఉంటే? చూపు మసకైనా ఆవిడ పసుపు రంగు పోల్చుకునేది. ఆటో ఆపించి, తల బయటపెట్టి చాలాసేపు చూసేది.

"శాలువ మాసింది. దండైతే లేదు. మంచిగున్నడు నా కొడుకు."

"మంచిగున్నడు అత్తమ్మా."

"మరి ఫోన్ జేస్తలేడేంది?"

"లైన్లు కలుస్తలేవంట."

డ్రైవరు గబుక్కున బండి కదిలించేవాడు.

అలా కొన్నేళ్ళు. మంచం పట్టాక ఒక మధ్యాహ్నం బియ్యం డబ్బాలోంచి ఆ ఫోటో తీయమంది. తవుడు దులిపి చేతికిచ్చాను. చీర కొంగుతో తుడిచి తిరిగి నాకే ఇచ్చింది.

"ఇగ గోడకు బెట్టు బిడ్డా. చౌరస్తకాడ గూడ దండ ఏయమను. ఎన్నొద్దులని బోసి మెడతోని నిలవడ్తడు పిలగాడు?"

అటు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున్నే పోయింది. ఊరు బావగారికి మొదటి దండ వేసింది ఆ రోజే; రాయి మీద ఆయన పోయిన తేదీ చెక్కించింది ఆ తర్వాతే.

ఇప్పుడక్కడ రోడ్డు వెడల్పయింది, ఆటోలు ఆగవు. అయినా చౌరస్తా వస్తుంటే నేటికీ నా అరచేతులు తడుస్తాయి, పక్క సీటు వైపు తిరిగి అడగబోతాను: అత్తమ్మా, మీకు ఎప్పటినుంచి తెలుసు?