ఖాళీ మేకు

చలికాలంలో మాత్రమే దొరికే చేప ఒకటి ఉండేది. పెన్న సముద్రంలో కలిసే చోటికి మార్గశిరం చలి ముదిరితే వచ్చేది, ఎండలు మొదలైతే మాయమయ్యేది. మేం చలిచేప అనేవాళ్లం. మా నాయనది ఆత్మకూరులో సేద్యమే గానీ ఆ చేపంటే పిచ్చి. ఏటా పనిగట్టుకుని పోయి, చేపలు పట్టే పల్లెకారుల దగ్గర కొని, ఉప్పు పట్టించి తెచ్చేవాడు. తోక కోసి పశువుల కొట్టంలో దూలానికి మేకుతో కొట్టేవాడు. చేప రాని ఏడు ఉత్త మేకు కొట్టేవాడు. ఎందుకని అడిగితే, "వచ్చిందీ తెలియాల, రానిదీ తెలియాల" అనేవాడు.

పురుడు పోసుకుని పెద్దబిడ్డతో ఉదయగిరిలో అత్తింటికి చేరిన కొన్నాళ్లకే నాకు పాలు తగ్గిపోయాయి. బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. చలిచేప తింటే పాలు పడతాయని మా వాళ్ల నమ్మకం. నాయనకు కబురు పెట్టాను.

"ఎండుచేప తింటే పాలొస్తాయంటనా!" అని అత్త మూతి తిప్పింది.

నాకు ఒళ్లు మండింది. మా నాయన తెస్తాడు, ఆయన జన్మలో అబద్ధమాడలేదు అని ఎదురు చెప్పాను. అన్నట్టే తాటాకు బుట్టతో బస్సు దిగాడు. చేపకు తలా లేదు, తోకా లేదు. తోక దూలానికి పోయి ఉంటుందిలే అనుకున్నాను. ఆశగా తిన్నాను. పాలు పడ్డాయి. అత్త ముందు తలెగరేశాను.

తర్వాత కొన్నేళ్లకు ఆ చేప రావడమే మానేసింది. ఏ ఏడు వచ్చిందో, ఏ ఏడు రాలేదో రాసుకోవడానికి చేపల ఆఫీసు నుంచి ఒకాయన నాయన దగ్గరికి వచ్చాడు. అప్పుడు నేను పుట్టింట్లోనే ఉన్నాను. ఆయన దూలం కింద నిలబడి మేకులు వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయి, నా బిడ్డ పుట్టిన ఏటి దగ్గర ఆగాడు. అక్కడ ఉత్త మేకే ఉంది.

"తోక రాలిపోయుంటాది సార్. ఆ ఏడు వచ్చింది, నేనే తిన్నా. రాసుకోండి" అన్నాను.

ఆయన రాయబోయాడు. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాసుకోబాకండి. ఆ ఏడు రాలేదు" అన్నాడు. నా వైపు తిరిగి, "అది కలువాయి చెరువు చేపమ్మా. నువ్వు దిగులుతో ఎండిపోతా ఉండావు. ఉత్త చేతుల్తో ఎట్ట వచ్చేది?"

కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. అబద్ధమాడడని అత్తింట్లో ఎంత గొప్పలు పోయానో. ఆడాడు, నా బిడ్డ ఆకలి చూడలేక. నేను మాత్రం ఆ గొప్పలు పోవడం మానలేదు.