హినెక్ తీసిన రాయి

క్వారీలో గొలుసు తెగి, పైకి లేపుతున్న బండ తన మీద పడి హినెక్ చనిపోయాడు. ఆ బండను పగలగొట్టి కంకర చెయ్యమని అతని తమ్ముడు వెండెలీన్ పట్టుబట్టాడు. మేస్త్రీ సరేనన్నాడు. హినెక్ భార్య ఒటీలియె మాత్రం ఒప్పుకోలేదు. ఒక్క పగులు కూడా లేని ఇసుకరాయి దొరికిందని ఆయన ముందురోజే మురిసిపోయాడనీ, ఆ కష్టాన్ని రోడ్ల పాలు చెయ్యొద్దనీ చెప్పింది. బండ లారీ ఎక్కి ప్రాగ్ చేరింది. శిల్పి ఒకాయన దాన్ని దేవదూతగా చెక్కితే, నది దగ్గర ఒక చర్చి మెట్ల పక్కన నిలబెట్టారు.

వెండెలీన్ వదినను పల్లెత్తు మాట అనలేదు. ఆమెకు కట్టెలు కొట్టి పెట్టేవాడు, ఇంటి కప్పు బాగుచేసేవాడు, క్రిస్మస్‌కి చేప తెచ్చిచ్చేవాడు. ఆ రాయి ఊసు మాత్రం ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు. రాతిదుమ్ముకి ఊపిరితిత్తులు పాడై అతను క్వారీ పని మానేశాడు. ఊళ్లోవాళ్లు పెళ్లిబట్టలకీ, నాటకాలకీ ప్రాగ్ వెళ్లొస్తూనే ఉన్నారు. వీళ్లిద్దరూ వెళ్లలేదు.

ముసలితనంలో ఒటీలియెకి చూపు మందగించింది. ఒక వేసవి ఉదయం ఆమే అతని ఇంటికి నడిచొచ్చింది.

"నన్ను ప్రాగ్ తీసుకెళ్లు. ఇంకొన్నాళ్లు పోతే నాకేం కనబడదు."

"నీ చెల్లెలి కూతురికి కారుంది కదా వదినా."

"దానికి మీ అన్న ఎవరో తెలీదు."

రైలు దిగి, జనాన్ని తప్పించుకుంటూ వంతెన దాటారు. దేవదూత పాదాలకు చేరగిలబడి ఎవరో విదేశీ అమ్మాయి చెప్పులు విప్పేసి ఐస్‌క్రీం తింటోంది. వెండెలీన్ మొహం కందిపోయింది. ఆమెను లేపడానికి అడుగు వెయ్యబోతే ఒటీలియె అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూర్చోనీ. ఎంత నడిచిందో ఏమో."

ఆ అమ్మాయి జరిగి చోటిచ్చింది. ఒటీలియె కూర్చుని, రాతి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు తియ్యలేదు.

"వెచ్చగా ఉంది. చల్లగా ఉంటుందనుకున్నాను" అంది.

వెండెలీన్ దగ్గరికి రాలేకపోయాడు. విగ్రహం వెనక్కి వెళ్లాడు. గోడవైపు భాగాన్ని శిల్పి నునుపు చెయ్యకుండా, క్వారీ నుంచి వచ్చినట్టే వదిలేశాడు. అక్కడ ఉలిగాట్లు వరసగా, ఎడమకి వాలి ఉన్నాయి. క్వారీలో ఎడమచేత్తో సుత్తి పట్టేవాడు హినెక్ ఒక్కడే.

"వదినా, ఇలా రా" అని పిలిచి, ఆమె వేళ్లు ఆ గాట్లలో పెట్టాడు. "ఇవి శిల్పివి కావు. అన్నవి."

ఆమె ఒక్కో గాటునే తడుముతూ పోయింది. అప్పుడు, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగనిది అడిగింది.

"బాధపడ్డాడా?"

"కాసేపు. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"అన్నకన్నా నీకు రాయే ఎక్కువనుకున్నా వదినా."

ఆమెకు కోపం రాలేదు. "పిల్లలైనా లేకపోయారు మాకు. ఆయన చేతిది ఏదో ఒకటి ఉండాలనిపించింది" అంది.

తిరుగు రైల్లో వెండెలీన్ అన్న పోయిన రోజు జరిగిందంతా మొదటినుంచీ చెప్పాడు. పొద్దున్న హినెక్ తమ్ముడి టోపీ దాచేసి ఏడిపించడం, గొలుసు కిర్రుమనడం, చివర్లో మంచినీళ్లు అడగడం, తను చెయ్యి విడిపించుకుని నీళ్ల కోసం వెళ్లలేకపోవడం. దగ్గు అడ్డొచ్చినప్పుడల్లా ఆమె ఆగమంటూ వీపు నిమిరింది. మళ్లీ మొదలుపెట్టాడు. తమ ఊరు వచ్చేసరికి ఇంకా కొంత మిగిలే ఉంది. స్టేషన్ బల్ల మీద కూర్చుని అది కూడా చెప్పాడు.