చేదాకు తిన్న ఎలుకలు

హిందూపురంలో మా ఇంటికి పోయే దోవలో ఒక సామిల్లు ఉంది. వాన కురిసిన మర్నాడు దాని ముందు నుంచి నడిస్తే తడిసిన రంపపు పొట్టు వాసన గుప్పున కొడుతుంది. మిగిలినవాళ్ళకు అది కట్టె వాసన. నాకు ఎలుకల గది వాసన. ముక్కు మూసుకుని దాటిపోకుండా అక్కడే నిలబడిపోతాను. మొన్న అట్లాగే నిలబడితే వెనక నుంచి ఒక స్కూటరాయన హారన్ కొట్టి, "ఏమమ్మా, దోవలో నిలబడుకోనుండావు, పక్కకు రా" అని విసుక్కున్నాడు. జరిగాను. సుగుణ మేడం గుర్తొచ్చి నిలబడ్డానని ఆయనకేం చెప్పను? ఆమె పోయి చాలా కాలమైంది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పేరు చెప్పుకోదగిన మందేదీ ఆమె కనిపెట్టలేదు. కనిపెట్టాననుకున్నదాన్ని కూడా కాదని తనే చెప్పింది. ఆ సంగతే రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పెనుకొండ బయట ఒక ఫార్మసీ కాలేజీలో ఆమె దగ్గర పరిశోధన విద్యార్థినిగా చేరాను. ఆమెది చిలమత్తూరు వైపు గొర్రెలు మేపుకునే కుటుంబం. ఎంత చదివినా మాట మారలేదు, కోపమూ తగ్గలేదు. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేవాళ్ళు. మొదటి రోజు నన్ను కూర్చోమని కూడా అనకుండా, "ఇన్ని పనులుండంగ ఈ ఎలుకల పని ఎందుకు కావాల నీకు?" అని అడిగింది. నేను దాచలేదు. ధర్మవరంలో మా అక్క కూతురు గౌరికి ఐదేళ్ళు దాటినా మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు, తోటి పిల్లల దగ్గరికి పోదు, ఒంటి మీద చెయ్యి వేస్తే అరుస్తుంది. బెంగళూరు డాక్టరు ఆటిజం అని పేరు చెప్పి, దీనికి మందు లేదని పంపించేశాడు. మా వైపు మాటలు రాని పిల్లలకు సరస్వతాకు తినిపిస్తారు. అది నిజంగా పని చేస్తుందో లేదో మేడం ఎలుకల మీద చూస్తున్నదని విని వచ్చానన్నాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అట్లయితే ఏ ఎలుకకు ఆకు పెడతాండానో నీకు చెప్పను. పెట్టేది నేను, చూసేది నువ్వు. ఆశ పడే కండ్లకు లేనిది కూడా కనపడతాది" అంది. నాకు కోపం వచ్చింది. చేరకముందే నన్ను దొంగను చేసినట్టనిపించింది.

పని చెప్పుకోవడానికి సులువే. కడుపుతో ఉన్న ఎలుకకు మూర్ఛరోగానికి వాడే ఒక మందు ఇస్తే, పుట్టిన పిల్లల్లో చాలావాటికి కొన్ని తేడాలు వస్తాయి. తోటి ఎలుక దగ్గరికి పోవు. గాజు గోలీలు వేస్తే, పెట్టెలో పరిచిన రంపపు పొట్టులో పూడ్చిందే పూడుస్తాయి. అవి ఎలుకలే, గౌరి కాదు. ఆ మాట మేడం నాకు విసుగొచ్చేదాకా చెప్పేది. వాటిలో సగానికి ఆకు రసం కలిపిన వేరుశెనగ ముద్ద, సగానికి ఉత్త ముద్ద. పెట్టెలకు రంగు దారాలు కట్టేది. ఏ రంగు ఏదో ఆమెకే తెలుసు. నేను మూడు అరల పెట్టెలో ఒక్కో ఎలుకనూ వదిలి, అది వేరే ఎలుక ఉన్న అరలో మెలుగుతుందా, ఖాళీ అరలోనా అని చూసి రాసుకునేదాన్ని. ఎలుకల గది పక్కన రేకుల కప్పు కింద మధ్యాహ్నాలు ఉడికిపోయేదాన్ని. ఎలుకలు బెదురుతాయని ఫ్యాన్ వేయనిచ్చేది కాదు. సాయంత్రం హిందూపురం బస్సులో ఆ వాసనకు నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఆ రోజులంతా అలసటే. అందులో ఏదో గొప్ప సంతోషం ఉండేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

ఇగిరించిన ఆకు రసం నోట పెట్టలేనంత చేదు. గొట్టంతో గొంతులోకి పోయమని పుస్తకాల్లో ఉంది. దానికి మేడంకు మనసొప్పలేదు. చిన్నప్పుడు తల్లి చేరనీయని గొర్రెపిల్లలను ఒళ్ళో పెట్టుకుని పాలు తాపిన మనిషి ఆమె. ఎలుకలకూ అట్లాగే ఒళ్ళో పెట్టుకుని వేలితో ముద్ద తినిపించేది. తలుపు వేసుకుని చేసేది కాబట్టి నేను చూడలేదు. "తినమ్మా, ఇంత తిను, అయిపాయె" అనే గొంతు మాత్రం బయటికి వినిపించేది. మమ్మల్ని ఏనాడూ ఆ గొంతుతో పిలిచిన పాపాన పోలేదు.

కొన్ని నెలలకు ఫలితం తేలింది. ఏ దారం ఏదో మేడం చెప్పాక చూస్తే, తోటివాటి దగ్గరికి పోయినవి ఆకు తిన్న ఎలుకలే. గోలీలు పూడ్చడమూ వాటిలోనే తగ్గింది. కాలేజీలో స్వీట్లు పంచారు. నేను బాత్‌రూంలోకి పోయి ఏడ్చాను. ఆ వారమే అక్క గౌరిని తీసుకుని వచ్చింది. ఉత్త ఆకు ఆమె ఎప్పుడో పెట్టి చూసింది. ఇప్పుడు కావలసింది మా చిక్కటి రసం. "మేడమ్, ఎలుకలకు బాగైందంట గదా. మా పాపకూ ఇయ్యండి. ఎట్ల కాగబెట్టాల్నో చెప్తే నేనే చేసుకుంటా" అంది. గౌరి గోడకు వేలు రాసుకుంటూ అటూ ఇటూ నడుస్తోంది. మేడం ఆ పిల్లను చాలాసేపు చూసి, "కొన్నాళ్ళు తాళమ్మా. నాకింకా నమ్మకం కుదరలేదు" అంది. "ఇంగేం కావాల మేడమ్ మీకు?" అని అక్క అడిగింది. బస్టాండు దాకా అక్క నన్ను వెనకే వదిలి నడిచింది.

లెక్క ముగిసింది కాబట్టి ఇక నన్నూ ఎలుకల గదిలోకి రానిచ్చింది. ఒక ఉదయం ఇద్దరం పెట్టెలు శుభ్రం చేస్తున్నాం. మేడం చెయ్యి దగ్గరికి పోగానే కొన్ని పెట్టెల్లో ఎలుకలు ముందుకొచ్చి వేళ్ళు వాసన చూశాయి. మిగిలినవి మూలకు పోయి ముడుచుకున్నాయి. ముందుకొచ్చిన పెట్టెలన్నిటికీ ఒకే రంగు దారం. మేడం చెయ్యి అట్లాగే పెట్టుకుని నిలబడిపోయింది. "రత్నా, ఉత్త ముద్ద తినేవాటిని నేను ఎత్తుకుంటినా?" అంది. నాకెట్లా తెలుస్తుంది? తనే మళ్ళీ అంది: "లేదు. వాటికి చేదు లేదు గదా, గిన్నెలో పెడితే అవే తింటాండె. చేదు తినేవాటినే ఒళ్ళో పెట్టుకుంటి." అప్పటికి నాకూ అర్థమైంది. రోజూ మనిషి ఒళ్ళో కూర్చున్న ఎలుకకు బెదురు తగ్గుతుంది. బెదురు తగ్గిన ఎలుక తోటివాటి దగ్గరికి పోతుంది. వచ్చిన మార్పు ఆకుదో, ఒడిదో ఇక ఎవరూ చెప్పలేరు. నా కళ్ళను నమ్మని మనిషి తన చేతిని నమ్మి మోసపోయింది. "మొదట్నుంచీ మళ్ళా చేయాల" అంది. నాకు ఆమె మీద అసహ్యమే వేసింది ఆ పూట.

మళ్ళీ చేశాం. ఈసారి అన్నిటినీ ఒళ్ళో పెట్టుకునే తినిపించింది. అంతా అయ్యాక చూస్తే ఆకు తిన్నవీ తిననివీ తోటివాటి దగ్గరికి పోతున్నాయి, వాటి మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. నేను ఊరుకోలేక, "అయితే ఒడే మందు అని రాయొచ్చు కదా మేడమ్" అన్నాను. "ఎలుకకు చెయ్యి అలవాటైంది, అంతే. పోయి మీ అక్కకు ముట్టుకుంటే బాగైతాదని చెప్తావా? ఆ బిడ్డకు ముట్టుకుంటేనే గదా కష్టం" అని కసిరింది. కాసేపటికి మెత్తబడి, "మీ అక్కకు నువ్వు చెప్పొద్దు. నేనే వస్తా" అంది.

పెనుకొండలో ప్యాసింజర్ ఎక్కి ధర్మవరం పోయాం. అక్క మగ్గం నేస్తోంది. మేడం ఆ పక్కనే నేల మీద కూర్చుంది. "అమ్మా, నేను చేసిన పనిలో తప్పు పడింది. ఆ ఆకు పని చేస్తాదని నేను చెప్పలేను. పాపకు ఇయ్యడానికి నా దగ్గర మందు లేదు" అంది. అక్క మగ్గం ఆపింది. "ఈ మాట చెప్పనీకి ఇంత దూరం రావాల్నా మేడమ్? పని చేయకపోయినా ఇచ్చింటే, ఏదో ఒకటి పెడతాండామనే ధైర్యమన్నా ఉండేది నాకు" అంది. "అవునమ్మా" అంది మేడం. అంతే. సర్ది చెప్పలేదు, ఓదార్చలేదు. అక్క తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. తర్వాత లేచి కాఫీ పెట్టింది. నాకు తల కొట్టేసినట్టుగా ఉండి, పోదామని సైగ చేశాను. మేడం కదల్లేదు. గౌరి కాస్త ఎడంగా కూర్చుని దారపు కండెలు పేర్చుకుంటోంది. మేడం ఆ పిల్లను పిలవలేదు, ముట్టుకోలేదు. చివరికి అక్కే, "పొద్దు పోతాండాది, బండి తప్పిపోతాది మేడమ్" అన్నాక లేచింది.

ఆకు పని చేయలేదని మేడం రాసిన వ్యాసం ఎవరికీ అక్కర్లేకపోయింది. మేడం రిటైరయి, జబ్బుపడి, పోయింది. నేను హిందూపురంలో ఫార్మసీ కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. ఫార్మసీ టీచరునని తెలిసి, మాట రాని బిడ్డల తల్లిదండ్రులు అప్పుడప్పుడు ఎక్కడో కొన్న మందు సీసా పట్టుకుని ఇంటికి వస్తారు. "ఇది పని చేస్తాదా మేడమ్?" అంటారు. చేస్తుందంటే వాళ్ళూ హాయిగా పోతారు, నేనూ హాయిగా పడుకుంటాను.

గౌరి పెద్దదైంది. మాట రాలేదు. మగ్గం దగ్గర కండెలు అందిస్తుంది, కొన్నిసార్లు వేరే రంగువి అందిస్తుంది, అక్క మార్చుకుంటుంది. మేడం పోయిందని చెప్పడానికి వెళ్ళినప్పుడు అక్క, "ఆయమ్మ ఆ పొద్దు సరేనని మందు ఇచ్చింటే, నేను ఇప్పటికీ దీని నోటి వైపే చూస్తా కూర్చుంటాంటినేమో రత్నా. లేదనినాక గదా, ఇది చేతులతో ఏమడుగుతాండాదో నాకు కనపడింది" అంది.

మేడంకు ఆ మాట వినే రాత లేకపోయింది. ఆమె విన్నది తిట్లే. ఆ మాట నేను విన్నాను, అందుకే సీసాలు తెచ్చినవాళ్ళకు తెలియదనో, పని చేయదనో ఉన్నదున్నట్టు చెప్తాను. చెప్పేసి లేచిపోను. వాళ్ళు లేచేదాకా కూర్చుంటాను.