అత్త మడమలు, ఏనుగు దవడపన్ను

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. నాకు తెలియని సంగతంటూ లోకంలో ఏదైనా ఉంటే అది ఇంకా పుట్టి ఉండదని నా గట్టి నమ్మకం. (ఇప్పుడు యాభై దాటాక నాకు తెలిసినవి లెక్కపెడితే ఒక చెయ్యి చాలు, అందులోనూ బొటనవేలు మిగిలిపోతుంది.) భూగర్భశాస్త్రం చదివి, ఏడాది పాటు ఇంట్లో అన్నానికి బరువై, చివరికి పాతకాలపు జంతువుల ఎముకలు వెదికే ఒక ప్రొఫెసరు గారి దగ్గర సహాయకుడిగా చేరాను. ఉద్యోగం తాత్కాలికమన్న ముక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు గడిస్తే ఖాయం చేయిస్తానని ఆయన మాట. షరతు ఒక్కటే: చేతికిచ్చిన వస్తువు పోకూడదు. నాకు ముందున్నవాడు తాబేటి చిప్ప శిలాజాన్ని బస్సులో మరిచిపోయాడట. ఆ బస్సు మళ్లీ వచ్చింది గాని వాడు మాత్రం మళ్లీ రాలేదు.

అలాంటి గడ్డురోజుల్లో తోటపల్లి గూడూరు పక్కన రొయ్యల గుంట తవ్వుతుంటే, అడుగు గులకరాళ్ల పొరలోంచి ఏనుగు దవడపన్ను బయటపడింది. ఎప్పుడో మనిషి నాగలి పట్టకముందు నడిచిన ఏనుగు, రాయిగా మారిన పన్ను. పైన సున్నపు పెచ్చు కట్టి, వరసగా గరుకు గట్లతో, మా అత్త ఇంట్లో ఇడ్లీ పాత్రంత ఉంది. (ప్రొఫెసరు గారి నోటుపుస్తకంలో మాత్రం 'రెండు అరచేతులంత' అని ఉంది. శాస్త్రవేత్తలకు ఊహాశక్తి తక్కువ.)

"ఎనామిల్ పొరల్లో దీని చిన్నతనం దాగి ఉంటుందోయ్," అన్నారాయన ఆ పన్నును పసిబిడ్డలా ఎత్తుకుని. "ఈ పన్ను పెరిగే రోజుల్లో ఏ నేల గడ్డి తిన్నదో, ఏ ఏటి నీళ్లు తాగిందో ఆ గుర్తులు చెరగవు. ఇక్కడే పుట్టిందా, ఎక్కడినుంచైనా నడిచి వచ్చిందా, అదీ తేలుతుంది. పెట్టె కోసం నెల్లూరు వెళ్లి రేపు పదింటికి మీ అత్త ఇంటికే వస్తా. ఎండ తగలనివ్వకు, నీడలో మెల్లగా ఆరనీ. పూచీ నీది."

పక్క ఊళ్లోనే ఉన్న మా మేనత్త ఇంటికి దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని చేరాను. నీడ, గాలి రెండూ ఉన్న చోటు ఆ ఇంట్లో ఒక్కటే: పెరట్లో తాటాకు దడి కట్టిన స్నానాల గది. దాని గోడ గూట్లో తువ్వాలు పరిచి పన్ను పెట్టి, 'అమూల్యం, తాకరాదు' అని కాగితం అంటించి, నా తెలివికి నేనే ముచ్చటపడి నిద్రపోయాను.

పొద్దున పదింటికి పావుగంట ముందు చూస్తే గూట్లో తువ్వాలుంది, పన్ను లేదు. కాగితం పొయ్యి దగ్గర సగం కాలి ఉంది. అత్త అరుగు మీద కాళ్లు చాపుకుని మడమలకు కొబ్బరినూనె రాసుకుంటోంది.

"అత్తా, గూట్లో రాయి..."

"అదా! యాడ దొరికిందిరా అబ్బయ్యా అంత మంచి రాయి? నాట్లేసి నాట్లేసి నా మడమలు నెర్రెలిచ్చిన చేనయిపోయినాయి. కొబ్బరిపీచేసి దాని మట్టి వదలగొట్టి, రుద్దుకున్నా. ఇప్పుడు ఎట్టుండాయో చూడు!" అంటూ పాదం నా ముక్కు దాకా చాపింది.

"అత్తా, అది ఏనుగు పన్ను!"

"పోనీలేరా, ఇప్పుడు దానికి నొప్పి పెడతాదా ఏంది?"

"ఎక్కడుంది?"

"పక్కింటి ఆపా అడిగితే ఇచ్చినా. కుట్టుమిషను తొక్కి తొక్కి ఆమె కాళ్లూ అంతే గదా."

రెండిళ్ల మధ్య దూరం పది అడుగులు. ఆ పది అడుగుల్లోనే నా ఉద్యోగం పోయింది, మా నాన్న తిట్టాడు, నేను రొయ్యలకు మేత వేస్తూ ముసలివాణ్నయిపోయాను. బట్టలు కుట్టే ఆపా (వాళ్ల ఉర్దూలో అక్క) పెరటి పరదా వెనకనుంచే పలికింది.

"తమ్ముడూ, ఒక మడమ అయింది, ఇంకోటి కానీ! ఒక కాలు పెళ్లికూతురు, ఒక కాలు ముసల్ది. ఇట్టా బజారుకు ఎట్టా పోయేది?"

రెండో కాలు కూడా పెళ్లికూతురయ్యేదాకా పరదా ఇవతల నిలబడ్డాను. (అయిదు నిమిషాలే. నా లెక్కలో అది మంచుయుగం.) తడి పన్ను చేతికి వచ్చేసరికి వీధిలో జీపు హారను మోగింది.

ప్రొఫెసరు గారు భూతద్దం తీశారు. తిప్పారు, మళ్లీ తిప్పారు.

"ఎవరు శుభ్రం చేశారు దీన్ని?"

"మా అత్తండీ," అన్నాను ఊపిరి తీసుకోకుండా. కన్నతల్లి చేసి ఉన్నా ఆ క్షణంలో ఆమె పేరే చెప్పేవాణ్ని.

"పెచ్చంతా పోయింది. నాకైతే వారం పట్టేది. ఎనామిల్ మీద గీత కూడా లేదు!"

"నేనే దగ్గరుండి చేయించానండి."

"అబద్ధం సార్," అంది అత్త. "ఇందాకటి దాకా ఏడస్తా తిరిగినాడు."

ఆయన నా వంక, అత్త మడమల వంక చూసి ఫక్కున నవ్వారు. ఆనక "ఇంకోసారి ఇలా చేశావో, ఇంటికి పంపేస్తా," అన్నారు. ఇంకోసారి అన్నారంటే, ఈసారికి ఉద్యోగం ఉన్నట్టే! పెరట్లోకి పరుగెత్తి చెంబెడు నీళ్లు గడగడా తాగాను.

కొన్ని నెలలకు నా ఉద్యోగమూ ఖాయమైంది, పన్ను కథా తేలింది. ఆ ఏనుగు ఈ తీరంలో పెరిగింది కాదు. ఎనామిల్‌లోని గుర్తులు పడమటి రాతినేలకు సరిపోయాయి. సముద్రం ఇంకా దూరంగా ఉన్న కాలంలో, గడ్డి వెతుక్కుంటూ పెన్న వెంట ఇటు దిగి ఉంటుందని ప్రొఫెసరు గారి ఊహ. ఈ సంగతి చెబితే పడమటి ఉదయగిరి మెట్ట నుంచి ఇటు కాపురానికి వచ్చిన మా అత్త నూనె గిన్నె పక్కన పెట్టింది.

"అయితే నా మాదిరే," అంది. "అంత దూరం నడిచొచ్చిందే, పాపం... దాని మడమలు ఎట్టుండినాయో."

ఇప్పుడా పన్ను అద్దాల బీరువాలో ఉంది. అత్త లేదు. చూడ్డానికి వచ్చే పిల్లలకు ఆ ఏనుగు నడక గురించి నేనే గంభీరంగా చెబుతాను, మడమల సంగతి దాచిపెట్టి. వాళ్లు వెళ్లాక చెప్పుల్లోంచి నా పగిలిన మడమలు చూసుకుంటాను, తర్వాత బీరువా వంక చూస్తాను. (తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.)