ముందుగది మీదుగా గీత

కార్ఖానా ఏరియాలో మ్యాపులు తయారుచేసే ఆఫీసులో నాకు పని నేర్పింది ఒక అక్క. ఉపగ్రహ ఫోటోల మీద ఇళ్ల చుట్టూ, రోడ్ల వెంట కంప్యూటర్లో గీతలు గీయాలి. "గీతల నడుమ జెర సుత సందు ఉండొద్దు చెల్లె," అని ప్రతిసారీ చెప్పేది.

ఒకరోజు మెట్టుగూడలో రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. కొత్త రోడ్డు అంచు గీత ఎక్కడి దాకా వస్తే అక్కడి దాకా ఇళ్లు కూలుస్తారు. గీస్తూ గీస్తూ ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇది మా ఇల్లే," అంది.

"గీత కొంచెం జరపకూడదా అక్కా?" అన్నాను గుసగుసగా.

"జరిపితే ఎదురింటి ముసలమ్మ గది పోతది."

వెనక నుంచి మేనేజరు, "సాయంత్రానికి కావాలె. బయట ఎవ్వరికీ చెప్పొద్దు," అన్నాడు.

ఆమె తమ ముందుగది మీదుగానే గీసింది. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఈ పండక్కి గోడలకు సున్నం ఏపియ్యకు."

ఎందుకని తల్లి అడిగినట్టుంది.

"ఊకెనే," అంది అక్క.