పెద్దమ్మ వార్తలమ్మాయికి రాసిన ఉత్తరాలు

మా పెద్దమ్మ పోయింది. పోయిన వారం పొద్దున వాకిలి ఊడ్చి అరుగు మీద కూర్చుందట, మళ్లీ లేవలేదు. అమ్మ ఫోన్‌లో చెబుతుంటే నాకు ఒకటే అనిపించింది: ఇక సాయంత్రం వార్తలప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఊపిరి బిగబట్టి కూర్చోరు.

రుద్రూర్ దగ్గర ఊరు ఆమెది. చుట్టూ చెరుకు తోటలే. ఆమె ఇంట్లోనే ఉండి రోజూ బస్సులో నిజామాబాద్ పోయి డిగ్రీ చదువుకున్నాను. నేను కాలేజీలో చేరిన ఏడాదే ఆమె భర్త, మా పెద్దబాపు, తప్పిపోయాడు. మతిమరుపు జబ్బు ఆయనది. మడికి నీళ్లు పెట్టొస్తానని బయల్దేరిన మనిషి మడి దాకా పోలేదు. పోలీసులకు చెప్పాం. ఫొటో పట్టుకుని బోధన్ బస్టాండు, ధర్మాబాద్ మార్కెట్టు తిరిగాం. చూశామన్నవాళ్లు లేరు. ఆ ఏడు ఏ చెరుకు తోట కొడుతున్నా పెద్దమ్మ వెళ్లి గట్టు మీద నిలబడేది. గడలు పడేకొద్దీ నేల బయటపడుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని చూసేది. చివరి సాలు కూడా పడ్డాక, "ఈడ లేడు" అని ఇంటికొచ్చేది.

మా జిల్లా టీవీ ఛానెల్‌లో ఒకమ్మాయి వార్తలు చదివేది. ఆమె నోట 'గుర్తు తెలియని మృతదేహం' అన్న మాట రాగానే పెద్దమ్మ లేచి నిలబడేది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా నేను కదలకూడదు. ఆ అమ్మాయేమో ఆ ముక్క గబగబా చదివేసి సినిమా కబుర్లలోకి వెళ్లిపోయేది.

ఉత్తరాలు అప్పుడే మొదలయ్యాయి. "వార్తలు చదివే బిడ్డకు" అని రాసేది. ఏ రంగు అంగీయో చెప్పు, ఒంటి మీద మచ్చలేమైనా ఉంటే చెప్పు, మెల్లగా చదువు. అంతే. కాలేజీకి పోతూ వాటిని ఛానెల్ ఆఫీసు వాచ్‌మన్‌కు ఇవ్వడం నా పని. వాట్సప్‌లో పంపుతానంటే ఒప్పుకోలేదు.

"చేతిల కాయితం పెడ్తె, పారేయనీకైనా ఓపారి సూస్తది" అనేది.

ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి మంజీర ఒడ్డున అరవై ఏళ్ల మనిషి శవం దొరికిందని చదివింది. బోధన్ ఆస్పత్రిలో ఉంచారట. పెద్దబాపుదీ అదే వయసు. తెల్లారి ఇద్దరం వెళ్లాం. అక్కడి అటెండర్ గుడ్డ తీశాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"కాదు" అంది పెద్దమ్మ.

నేను తలుపు వైపు తిరిగాను. ఆమె మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. ఆ మనిషి నీలం అంగీకి ఒక గుండీ ఆకుపచ్చది, ఎర్ర దారంతో కుట్టింది. దాన్నే చూస్తూ అడిగింది.

"ఈయనకోసం ఎవలన్న వచ్చిండ్రా?"

"లేదవ్వా. పొద్దుగూకేలోపట రాకుంటే మున్సిపాలిటోళ్లు తీస్కపోతరు. గుర్తు తెల్వని మనిషే గద."

"ఆయన గుర్తు ఆయనకున్నది. మనకే తెల్వదు."

బయట మెట్ల మీద కూర్చుని, నా పుస్తకంలోంచి కాగితం చింపించి అప్పటికప్పుడు రాసింది. ఈయన మా ఇంటాయన కాదు బిడ్డా, ఎవరి ఇంటాయనో, ఈ గుండీ సంగతి చదువు, ఈ పొద్దే చదువు.

"బస్సెక్కు. ఉరుకు" అంది.

దారిలో రైలు గేటు పడింది. అది లేచేలోపు ఆ కాగితం నా చేతిలో చెమటకు తడిసిపోయింది. ఆఫీసు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. "లోపటికి పోనియ్యరు. మధ్యాహ్నం వార్తలకు యాళ్లయింది."

"శవం సంగతన్నా. పొద్దుగూకితె తీస్కపోతరు."

అతను నా మొహం చూశాడు. కాగితం లాక్కుని మెట్లెక్కాడు.

ఎదురుగా చాయ్ హోటల్లో టీవీ ఉంది. దాని ముందు నిలబడ్డాను. పసుపు ధర చదివింది, వాన కబురు చదివింది. ఇక లేదనుకున్నాను. అప్పుడు ఆ అమ్మాయి ఆగింది. "నీలం రంగు చొక్కా. ఒక గుండీ ఆకుపచ్చది. ఎర్ర దారంతో కుట్టి ఉంది." మెల్లగా చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఉత్తరం మాట ఎత్తలేదు.

పొద్దుగూకకముందే రెంజల్ వైపు నుంచి ఆ మనిషి భార్య వచ్చిందట.

పెద్దబాపు మాత్రం ఎప్పటికీ రాలేదు. పెద్దమ్మ రాయడం మానలేదు. ఆ అమ్మాయి జవాబూ ఇవ్వలేదు. కానీ ఆ తర్వాత అలాంటి వార్త వచ్చినప్పుడల్లా అంగీ రంగు చెప్పేది.

అప్పట్లో తన భర్త దినాలయ్యాక ఆ రెంజల్ ఆమె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అటెండర్ చెప్పాడట.

"గా గుండీ నేనే కుట్టిన అక్కా" అని గడపలోనే కూలబడింది. కాసేపటికి, "మీ ఆయన దొర్కిండా?" అని అడిగింది.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. జొన్నరొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టింది. "తిను. నీకు ఇగ ఎదురుసూసుడు లేదు."

సాయంత్రం ఆమెను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వెళ్లాం. ఆమె కిటికీలోంచి చేయి చాపింది. బస్సు కదిలినా పెద్దమ్మ ఆ చేతిని వదల్లేదు. చెప్పుల్లేని కాళ్లతో, వేళ్లు పట్టుకుని, బస్సు వేగం అందుకునేదాకా దాని పక్కనే నడుస్తూ పోయింది.